బురద నూకే రేకు

గోదావరి వరద తగ్గిన మూడో రోజు, భద్రాచలంలోని ఓ పల్లపు కాలనీలో చిన్న ట్రాక్టరు దిగిన తమ్ముడు, దాని ముందు తాను సొంతంగా బిగించిన రేకును చూసుకుని మురిసిపోయాడు.

"చూసినవా అక్కా? వీధిల బురదంతా పక్కకు నూకిన. శిబిరం నుంచి నాయనమ్మ ఆటో మన ఇంటిదాక వస్తది."

"ఆటో వస్తది. నాయనమ్మ ఇంట్లకెట్ల వస్తది? నువ్వు నూకిన బురదంతా అందరి గడపల ముందు నడుమెత్తు పడ్డది!"

అతడు వెనక్కి తిరిగి చూసి చెమట తుడుచుకున్నాడు.

"డిజైన్ల గడపలు లెక్కేసుకోలే."

"మనింట్ల మొదటి ఇంజినీరువి!"

"నవ్వకే. పార తే, తవ్వుత."

"ఉన్న రెండు పారలూ కోసి ఆ రేకు అంచుకే అతికించినవ్ గదరా!"

"అవ్... అయితే తట్ట ఇయ్యి, చేతులతోనే ఎత్తుత. నేను చదవకముందు మనింట్ల పారలన్నా ఉండె."