గిన్నె మీద అడ్డుపెట్టిన చేయి

1993 ఏప్రిల్ ఐదవ తేదీన, శ్రీనగర్‌లో దుకాణాలన్నీ మూతబడిన ఒక సోమవారం నాడు, బండి ఏదీ దొరక్క ఇంటి నుండి కాలినడకన బయలుదేరి, వానలో తడిసిన బూట్లతో డాక్టర్ తస్నీమ్ హకాక్ గారు మా జఠర, అన్నవాహిక వ్యాధుల పరిశోధన విభాగంలో విధులలో చేరారు. చేరిక పత్రం మీద సంతకం ఆరకముందే వారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "నజీర్ సాబ్, ఇక్కడ పనిచేసేవాళ్లంతా పొద్దున్నే ఏం తిని వస్తారు?" సూక్ష్మదర్శిని కింద కణజాలం చూసుకుని బతికే నాకు మనుషుల ఫలహారాలతో పనేమిటి? "ఎందుకు మేడమ్?" అన్నాను. "ఊరికే, తెలుసుకుందామని" అన్నారు. ఆ 'ఊరికే' అన్న ఒక్క మాట ముప్పై ఏళ్లకు పైగా మా తలప్రాణం తోకకు తెచ్చిందని ఈ అభినందన సంచికా ముఖంగా సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

తొలినాళ్లలో వారు ఎండోస్కోపీ గదిలో పనిచేశారు. రోగులు ఆ నల్లని గొట్టాన్ని చూడగానే బల్ల దిగి పారిపోయేవారు. వారిని బతిమాలి, బెదిరించి పని కానివ్వడం అప్పటి పద్ధతి. తస్నీమ్ గారు ఒక మధ్యాహ్నం తలుపు వేసి, గొంతుకు మందైనా కొట్టించుకోకుండా, ఆ గొట్టాన్ని తామే మింగారు. కళ్లనిండా నీళ్లతో లేచి కూర్చుని, మాట పెగలగానే అన్నది ఒక్కటే: "గొట్టం లోపలున్నా ఊపిరి ఆడుతుందని వాళ్లకు ముందే చెప్పాలండీ. భయమంతా అక్కడే ఉంది." ఆనాటి నుండి మా గదిలో ప్రతి రోగికీ ముందుగా ఆ మాట చెబుతున్నాము; పారిపోయేవారు చాలా తగ్గారు.

వారి పరిశోధనా జీవితానికి మకుటాయమానమైనది ఉప్పు టీ అధ్యయనం. మా లోయలో అన్నవాహిక క్యాన్సర్ ఎందుకింత ఎక్కువగా కనిపిస్తోందన్నది మా విభాగం పుట్టినప్పటి నుండీ మమ్మల్ని వేధిస్తున్న ప్రశ్న. సమోవార్ అనే రాగి కూజాలో సలసల కాగే నూన్ చాయ్, అంటే ఆ ఉప్పు టీ మీద అందరికీ అనుమానమే గాని, మనుషులు దాన్ని నిజంగా ఎంత వేడిగా తాగుతారో ఎవరూ కొలిచి చూడలేదు. తస్నీమ్ గారు కొలుద్దామన్నారు. సన్నని తీగ ఉన్న ఉష్ణమాపకాలు తెప్పించి, పల్లెపల్లెకూ తిరిగి, ఇంటివారు మొదటి గుక్క తాగే క్షణంలో గిన్నెలోని వేడిని నమోదు చేయాలన్నది ప్రణాళిక. పరీక్షకులు ముందుగా తాగి ఇంటివారిని ప్రభావితం చేయరాదన్నది నియమం.

ఒక చలికాలమంతా మంచులో పడి తిరిగి, అంకెలన్నీ కూర్చి చూసుకుంటే, మా లోయ ప్రజలు గోరువెచ్చని టీ తాగుతారని తేలింది! నిధులిచ్చే సంఘం వారు మర్యాదగానే రాశారు: టీ వేడిగా లేనప్పుడు ఇక ప్రశ్నే లేదు, అధ్యయనాన్ని ముగించుకోవచ్చు అని. మేమంతా తలలు దించుకున్నాము. తస్నీమ్ గారు మాత్రం బల్ల మీద చరిచి, "నేను పుట్టి బుద్ధెరిగాక ఈ ఊళ్లో చల్లారిన నూన్ చాయ్ చూడలేదు. అంకెలు అబద్ధం చెప్పవంటారు, మరి ఇవెక్కడ నేర్చుకున్నాయి?" అన్నారు.

జవాబు వారింట్లోనే దొరికింది. ఆ ఈద్ రోజున నేను వారింటికి వెళ్లాను. పండగనాడు కూడా ఊరుకుంటారా! అందరి గిన్నెలలోనూ తీగలు వేసి కూర్చోబెట్టారు. నియమం ప్రకారం నేను తాగలేదు. నేను తాగలేదు కనుక వారి అన్నదమ్ములూ తాగలేదు. ఎవరి గిన్నె వారు పట్టుకుని, ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ కూర్చున్నాము. రొట్టెల బుట్టతో లోపలికి వచ్చిన వారి తల్లిగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంట్రా ఇది, చావింటికొచ్చినట్టు కూర్చున్నారు? నజీర్ బాబూ, నువ్వు తాగు నాయనా! ఇంటికొచ్చినవాడు తాగకుండా మావాళ్లెలా తాగుతారు? నీ పుణ్యమా అని టీ కాస్తా చల్లారి నీళ్లయింది!"

తస్నీమ్ గారు చటుక్కున లేచారు. "అమ్మా, ఇప్పుడేమన్నావు? మళ్లీ చెప్పు."

"ఏమన్నానే? అతిథి తాగనిదే ఇంటివాళ్లు తాగరన్నాను. ఇన్ని చదువులు చదివావు, ఇది నేను చెప్పాలా?"

చెప్పవలసే వచ్చింది. మా ముక్కు మాకు కనిపించనట్టే, పుట్టినప్పటి నుండీ పాటిస్తున్న మర్యాద మాకెవరికీ కనిపించలేదు. ప్రతి ఇంట్లోనూ మేము వారి కోసం, వారు మా కోసం ఎదురుచూస్తుండగా గిన్నెలు చల్లారిపోయాయి. సరే, మేమే ముందు తాగుదామని నేను వీరావేశంతో ముందుకు వచ్చాను. మొదటి ఇంట్లోనే నాలుక కాల్చుకుని, తిన్నదాని రుచి కొన్నాళ్లపాటు తెలియకుండా తిరిగాను. తస్నీమ్ గారు నా అవస్థకు నవ్వి, "మనం అతిథులుగా పోవడమే తప్పు నజీర్ సాబ్. మన ఇళ్లల్లో టీ పోసే ఆడపిల్ల తాగిందా లేదా అని ఎవరైనా చూస్తారా? నేను పోస్తాను" అన్నారు. ఆ తరువాత ప్రతి ఇంట్లోనూ వారు ఇంటి ఆడవారి అనుమతితో సమోవార్ పక్కన కూర్చుని, తమ చేత్తో పోశారు. పోసిన మరుక్షణమే ఇంటివారు హాయిగా తాగారు. ఉష్ణమాపకం చూస్తే ఆ టీ నిజంగానే నాలుక కాల్చేంత వేడిగా ఉంది. సంఘం వారు తమ నిర్ణయాన్ని వెనక్కు తీసుకున్నారు.

అయితే అలా పోసిన మొదటి రోజు పని ముగించుకుని జీపులో తిరిగి వస్తున్నప్పుడు వారు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అది చూసి భయపడి, "ఒంట్లో బాగాలేదా?" అన్నాను. వారి అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. వారి తండ్రిగారు రాగి పాత్రల మీద చెక్కడపు పని చేసేవారు. పొద్దున్నే ఆయనకు టీ పోయడం చిన్నారి తస్నీమ్ వంతు. "నా బిడ్డ పోస్తే పొగలు కక్కాల్సిందే" అని ఆయన వచ్చేపోయేవారందరితో మురిసిపోతూ చెప్పుకొనేవారట. తస్నీమ్ గారు వైద్య కళాశాలలో ఉండగా, అన్నవాహిక మూసుకుపోయి, గుక్కెడు నీళ్లు కూడా దిగక ఆయన కన్నుమూశారు.

"నేను పోసిన టీయే ఆయన్ని తీసుకుపోయిందా అన్నది నాకు తెలియాలి, నజీర్ సాబ్. మిగతావన్నీ ఊరికే అడుగుతాను. ఇది మాత్రం ఊరికే కాదు."

"సూక్ష్మదర్శిని కింద గాజు పలక చూసి రోగం పేరు చెప్పగలను మేడమ్. ఎవరు తెచ్చారో చెప్పలేను" అన్నాను.

ఆ అధ్యయన కాలంలోనే చరార్ దాపున ఒక పల్లెలో, కాంగ్డీ కుంపట్లకు బుట్టలల్లే రంజాన్ కాక్ ఇంటికి వెళ్లాము. తస్నీమ్ గారు పోశారు; పెద్దాయన గిన్నె ఎత్తారు. పెదవిదాకా వచ్చిన గిన్నె మీద హఠాత్తుగా తస్నీమ్ గారు అరచేయి అడ్డుపెట్టారు! పరిశోధకులు అలా జోక్యం చేసుకోరాదు. ఆ ఇంటి అంకె ఇక పనికిరాదు. నేను లోలోపల పళ్లు నూరుకున్నాను.

"ఏంటమ్మా, కొలవడానికొచ్చారా, మా టీ లాక్కోడానికొచ్చారా?" అన్నారు పెద్దాయన.

"ఒక్క నిమిషం ఆగండి కాకా, చల్లారనివ్వండి. మీరు రొట్టెని అంతసేపు ఎందుకు నానబెడుతున్నారు?"

"పళ్లు లేవు తల్లీ."

"ఇందాక అక్రోటు కాయ పళ్లతోనే పగలగొట్టి మాకిచ్చారుగా?"

పొయ్యి దగ్గరి నుండి ఆయన భార్య అందుకున్నారు: "అడగండమ్మా, గట్టిగా అడగండి! ముద్ద గొంతులో ఆగిపోతోందని నాతో అని, ఎవరికైనా చెబితే ఇల్లు వదిలి పోతానని నా నోరు కట్టేశాడీ మనిషి!"

మరునాడే ఆయనను మా గదికి పిలిపించారు. గొట్టం లోపలున్నా ఊపిరి ఆడుతుందన్న సంగతి వారే స్వయంగా చెప్పి, గొట్టం వేశారు. అక్కడి నుండి తీసిన కణజాలపు పలక నేను చూశాను. రోగం ఉంది, కాని ఇంకా తొలిదశలోనే ఉంది. శస్త్రచికిత్స జరిగి, పెద్దాయన మొదటిసారి మెత్తని అన్నం మింగిన పూట తస్నీమ్ గారు ఆయన మంచం పక్కన కూర్చుని తమ తండ్రిగారి సంగతి ఆయనకు చెప్పారు. ఎందుకు చెప్పారో నాకు తెలియదు. బహుశా ఆ ప్రశ్న అడగడానికి మరెవరూ మిగల్లేదేమో. రంజాన్ కాక్ అన్న మాటలు నేను చెవులారా విన్నాను.

"ఆయన అడిగాడు గనక నువ్వు పోశావు, బిడ్డా. నాకు మా అమ్మ పోసింది, ఆ తర్వాత ఇదిగో ఈ ముసల్ది పోసింది. దీని మెడ పట్టుకోమంటావా? పోసినోళ్లదే తప్పయితే ఈ లోయలో ఆడవాళ్లందర్నీ జైల్లో పెట్టాలి. అప్పుడు మాకు టీ పోసే దిక్కెవరు?" అని, "మీ నాన్నకి తెలీదు, నీకూ తెలీదు. తెలిశాక నువ్వేం చేశావో నా గిన్నెకు తెలుసు" అన్నారు.

తస్నీమ్ గారు నవ్వుతూనే ఏడ్చారు. నేను కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. నాకూ ఏడుపు ఆగలేదు.

అధ్యయనం పూర్తయ్యాక, వేడి ఒక్కటే దోషి అని తేలలేదు. నిర్దోషి అని కూడా తేలలేదు. ఆ సంగతిని తస్నీమ్ గారు ఉన్నదున్నట్టు రాశారు, ఒక్క అక్షరం అటూ ఇటూ జరపలేదు. తరువాత విభాగాధిపతిగా బాధ్యతలు స్వీకరించి, ఎండోస్కోపీ యంత్రాన్ని పల్లెలకు తీసుకుపోయే బండిని సాధించారు. ఎందరో యువ వైద్యులకు మార్గదర్శకులై, అందరినీ ప్రశ్నలతో వేధించి మరీ తీర్చిదిద్దారు. రోగి ఏమి తింటాడన్నది కాదు, ఎలా మింగుతున్నాడో చూడండని వారు చెప్పిన మాట మా విభాగంలో ఇప్పుడు అందరి నోటా ఉంది. వారి తల్లిగారు ఇప్పటికీ నన్ను చూస్తే "టీ చల్లార్చినవాడా" అనే పిలుస్తారు.

తస్నీమ్ గారూ! ఈ శనివారం జరిగే మీ వీడ్కోలు సభలో సమోవార్ దగ్గరికి మీరు రాకూడదు. ఇది విభాగం ఏకగ్రీవ నిర్ణయం. పోసేది మేము, మీరు అతిథి. మీకు ఎదురుగా రంజాన్ కాక్ కూర్చుంటారు, తొంభైకి చేరువైనా కొడుకు భుజం పట్టుకుని వస్తానని కబురు పంపారు. అల్లా మీకు ఆయురారోగ్యాలూ, మనశ్శాంతీ, ఇంకా అడగవలసిన ప్రశ్నలన్నిటికీ సరిపడా కాలమూ ప్రసాదించాలని మేమంతా ముక్తకంఠంతో ప్రార్థిస్తున్నాము. ఆనాడు మాత్రం గిన్నె చేతిలోకి తీసుకున్నాక తొందరపడకండి మేడమ్. మన మర్యాద మీకు తెలుసు, మీరు తాగనిదే మాలో ఎవరమూ తాగము. మీ చేయి అడ్డుపెట్టే పని కూడా ఉండదు. నింపాదిగా కూర్చోండి, చల్లారేదాకా మీతో కూర్చుంటాము.

– నజీర్ నఖాష్,
కణజాల పరీక్షా విభాగం