ఇంకొక్క డెమో

విజయనగరంలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీ, కరస్పాండెంటు హరిబాబు గది. ఫిజిక్స్ లెక్చరర్ ఉద్యోగానికి ఎండాకాలంలో ఇంటర్వ్యూ ఇచ్చి, ‘నా సంగతి ఏమైంది సార్’ అని అడగడానికి పాపం ఇప్పటికీ తిరుగుతూనే ఉన్న సింధూరి, ఇవాళ అటో ఇటో తేల్చుకునే వెళ్ళాలని గజపతినగరంలో బస్సెక్కినప్పుడే గట్టిగా అనుకుంది. చేతులకి ఇంకా సుద్దపొడి అంటుకునే ఉంది.

“కూకోమ్మా, కూకో. ఏటలాగ నిలబడిపోయేవు? డెమో అదిరిపోయిందట కదా!”

“డెమో సంగతి కాదు సార్...”

“పిల్లలు నీ పాఠమంటే చెవి కోసుకుంటన్నారు సింధూరీ. నీ గొంతు మెట్లదాకా ఇనిపించింది. సెమీకండక్టర్స్ అయిపోయిందా? మొత్తం?”

“అయిపోయింది సార్. నా ఆర్డరు...”

“లెక్కలు కూడా సేయించేవా? ఎనకాల బిట్లు?”

“అన్నీ చేయించాను. సార్, నా ఆర్డరు సంగతి చెప్పండి. ఇంటర్వ్యూ అయిన వారంలోనే ఇస్తామన్నారు. ఫోన్ చేస్తే ఆషాఢం అన్నారు. ఆషాఢంలో ఆర్డరిస్తే అచ్చిరాదన్నారు.”

“అచ్చిరాదు మరి. నీ మంచికే కదా సెప్పేను.”

“శ్రావణంలో వస్తే చైర్మన్ గారు తిరుపతి వెళ్ళారన్నారు. దసరాకి వస్తే మేనేజ్‌మెంటు మీటింగన్నారు. ఆ తర్వాత మూఢం. వారంలో రెండు మూడుసార్లు వచ్చాను. వచ్చిన ప్రతిసారీ ‘ఎలాగూ వచ్చేవు కదా, ఇంకొక్క డెమో ఇచ్చీసి ఎల్లు, చైర్మన్ గారికి సెప్పడానికి బాగుంటాది’ అన్నారు.”

“ఇచ్చేవు. బాగానే ఇచ్చేవు. నేను కాదన్నానేటి?”

“డెమో అంటే ఒక్క క్లాసనుకున్నాను సార్. పాఠం సగంలో ఆపేస్తే నీ సత్తా ఎలా తెలుస్తాదన్నారు. పొద్దున్న మొదలెడితే బెల్లు కొట్టేదాకా చెప్పించారు. అయినా ఏనాడైనా కాదన్నానా? మూఢం వెళ్ళిపోయింది సార్.”

“ఎలిపోయింది. పుష్యం వచ్చీసింది.”

“సార్!”

“అరవకమ్మా. పక్కన క్లాసులవుతన్నాయి. దేముడమ్మా! ఒసే దేముడమ్మా! మేడంగారికి టీ పట్రా.”

“టీ వద్దు. మా ఊళ్ళో స్కూలు మానేశాను సార్. మీరే మాన్పించారు. ‘అక్కడొక కాలు, ఇక్కడొక కాలు పెట్టినోళ్ళని మా చైర్మన్ గారు నమ్మరు’ అన్నారు. మర్నాడే మానేశాను. ఆ కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుండిపోయింది. మా నాన్న మాట దాచుకోలేడు సార్. ‘మా గుంట ఇజీనారంలో కాలేజీ లెక్చరరు’ అనీసి ఊరంతా టముకేసీసినాడు. ఇవాళ ఆర్డరు పట్టుకొస్తానని చెప్పి వచ్చాను. నేను దిగేసరికి బస్టాండులో కాసుకుని ఉంటాడు. ఒట్టిచేతుల్తో ఏ మొహం పెట్టుకుని దిగను?”

“కంగారు పడకు. అడుగుతుండమ్మా, అడిగినోళ్ళకే పనవుతాది అని నీకు మొదటే సెప్పేనా నేదా?”

“చెప్పారు. అడుగుతూనే ఉన్నాను.”

“అదే మరి. అవునూ, కెమిస్ట్రీకి ఓ పిల్లని పంపినావు కదా మొన్న. ఏటా పేరు?”

“తాయారు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో నా రూమ్మేటు. మంచి కాలేజీ, సార్ మంచోరు అని నేనే చెప్పి పంపాను. మాట మార్చకండి సార్.”

“మార్చనేదే! ఆ పిల్లా బాగుందంటన్నాను.”

“టీ బాబూ. ఇదిగో మేడమ్మా, తాగండి. పొద్దుట్నుంచీ సెప్పి సెప్పి గొంతు ఎండిపోనాది మీకు.”

“అక్కడెట్టీసి ఎల్లు దేముడమ్మా.”

“ఒక్క నిమిషం, ఉండు దేముడమ్మా. నేను రాని రోజున ఈ పిల్లలకి ఫిజిక్స్ ఎవరు చెప్తారు?”

“ఎవులు సెప్తారమ్మా? మీరే కదేటి! మీరొస్తే పాఠం. రాకపోతే గుంటల్ని సదూకోమంటారు.”

“దేముడమ్మా!”

“నానేటన్నాను బాబూ, ఉన్నమాటే కదా. పోయినేడు డెమో మేడం అయితే ఇంకా బేగి సెప్పీసేది. ఆవిడా ఇలాగే, ఈ కుర్చీలోనే కూకుని ఏడ్సింది.”

“బయటికి పో ముందు!”

“పోతన్నాను, పోతన్నాను. టీ సల్లారిపోతాది మేడమ్మా.”

“...సార్. పోయినేడాది మేడం ఎవరు?”

“ఎవరో. గుర్తు నేదు.”

“ఇవాళ చెప్పింది పుస్తకంలో ఆఖరి పాఠం. ఏ పాఠం చెప్పాలో ప్రతిసారీ మీరే ఎంచి ఇచ్చేవారు. వరసగా. ఒకటి అయ్యాక ఒకటి. అయ్యో, నేనెంత పిచ్చిదాన్ని! అసలు పోస్టే లేదు కదూ?”

“పాఠాలన్నీ అయిపోయేక లెక్చరరెందుకమ్మా? నువ్వే సెప్పు.”

“పిల్లలకి చెప్తాను. వాళ్ళ అమ్మానాన్నలని పిలిచి మరీ చెప్తాను.”

“సెప్పు. ఏటని సెప్తావు? రిజిస్టర్లో ఎక్కడైనా నీ సంతకం ఉన్నాదా? నేను నిన్ను రమ్మన్నానా? నీ ఫోను తీసి సూడు. నేను సేసిన ఫోన్‌కాల్ ఒక్కటైనా ఉన్నాదేమో సూడు. అన్నీ నువ్వు సేసినవే. ‘ఏమైంది సార్, ఏమైంది సార్.’ నీ అవసరం కొద్దీ నువ్వొచ్చేవు, డెమో ఇచ్చేవు. డెమోకి ఎక్కడైనా జీతమిస్తారేటి?”

“మీకు ఆడపిల్లల్లేరా సార్?”

“ఉన్నాది. హైదరాబాద్‌లో సదువుతన్నాది. అలాంటి మాటలనకు, నాకు బాధేస్తాది. నీకు అన్యాయం సేస్తానని ఎలాగనుకున్నావు? ఇదిగో, అపాయింట్‌మెంట్ ఆర్డరు. నిన్ననే టైపు సేయించి ఉంచేను.”

“...ఇది... ఆఫీస్ అసిస్టెంట్ అని ఉంది.”

“పైనుంచి సదువు. కాలేజీ పేరు ఎంత లావు అక్షరాల్లో ఉన్నాదో సూడు. మీ నాన్నకి ఇంగ్లీషు వచ్చునేటి?”

“...రాదు.”

“మరింకేటి! సీలున్నాది, నా సంతకమున్నాది. ఆయన కళ్ళకద్దుకుని ఇంట్లో దేవుడికాడ పెట్టుకుంటాడు.”

“పని ఏంటి?”

“ఫోన్లు. ఇంటర్వ్యూలిచ్చినోళ్ళు పొద్దస్తమానం ఫోన్ సేసి నా బుర్ర తినేస్తన్నారు. నాకు ఇసుగొచ్చి ఓ మాట తూలుతాను, మరింక రారు. నీ గొంతు మెత్తన. నువ్వు సెప్తే నమ్ముతారు. కెమిస్ట్రీ సగంలో ఉండిపోయింది, డెమో పిల్ల పెళ్ళి సేసుకుని ఎలిపోయింది. పరీక్షలు సూస్తే దగ్గరికొచ్చీసినాయి.”

“ఛీ! నేను చెయ్యను.”

“సెయ్యకు. బలవంతమేటీ నేదు. ఆర్డరు ఇటిచ్చీ. ఇటిచ్చీ అమ్మా. నలిపీకు. నీ బస్సుకి టైమవుతన్నాది. మీ నాన్న కాసుకుని ఉంటాడన్నావు.”

“సార్... వచ్చే ఏడాదైనా నన్ను లెక్చరర్‌గా...”

“సూద్దాం. అడుగుతుండు. అదిగో, ఆఫీసు ఫోను మోగతన్నాది. ఎత్తు. స్పీకరెట్టు, నేనూ ఇంటాను.”

“...హలో.”

“నమస్తే అండీ! కెమిస్ట్రీకి ఇంటర్వ్యూ ఇచ్చినాను, తాయారునండి. ఏటైనా తేలిందేమోననీసి... హలో? సింధూ? నువ్వేనేటే? నీ గొంతే కదా!”

“...నేనే.”

“ఓలమ్మా! అయితే ఉద్యోగం వచ్చీసిందేటే నీకు?”

“వచ్చింది. ఆర్డరు చేతిలోనే ఉంది.”

“నాకు తెల్సే! నీకు రాక ఇంకెవరికొస్తాది! మరి నా సంగతేటన్నారే సార్? నిజం సెప్పీ, నీకాడ నాకు మొహమాటమేటి? రాదంటే రాదని సెప్పీ. ఈ స్కూల్లోనే ఉండిపోతాను, ఇక్కడ బాగానే సూసుకుంటన్నారు. సింధూ? ఉన్నావేటే?”

“ఉన్నాను. సార్‌కి నువ్వు బాగా నచ్చేవట తాయారూ. ఈ పుష్యం ఒక్కటీ ఎలిపోనీ. ఈలోగా వచ్చి ఒక్క డెమో ఇచ్చీసి ఎల్లు... ముందైతే ఆ స్కూలు మానీ.”