దేవుణ్ణి తూచిన తారీఖు

ఆ టీకొట్టులో వీపు ఆనించుకునే కుర్చీ ఒక్కటే. మిగతావన్నీ బల్లలు. ఎవరి కథలో అబద్ధాన్ని ఎవరూ పట్టుకోలేరో వాళ్ళదే ఆ కుర్చీ. పట్టుకున్నవాళ్ళు చెప్పినవాణ్ణి దింపేసి తాము ఎక్కొచ్చు. కొట్టు నడిపే అక్క ఈ పద్ధతి పెట్టి తొమ్మిదేళ్ళయింది. తొమ్మిదేళ్ళుగా దాంట్లో కూర్చున్నది త్రాసుల మామయ్య ఒక్కడే.

కాటాలూ త్రాసులూ బాగుచెయ్యడం ఆయన పని. రోజంతా వంగి వంగి నడుం పట్టేస్తుంది. సాయంత్రం ఆ కుర్చీలో వెనక్కి వాలితే తప్ప ప్రాణం లేచిరాదు. ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోయి బల్ల మీదికి చేరాల్సొస్తుందేమోనన్న భయం మాత్రం రోజూ ఉండేది. ఆ భయానికే కోతలు పెరుగుతూ పోయాయి.

ఆ వేళ బయట వాన దంచుతోంది. సైన్సు మాస్టారు పేపరు మడిచి, "దేవుడూ దయ్యమూ సైన్సుకి అందేవి కావయ్యా. కొలతకి దొరకనిదాన్ని ఏమని పరిశోధిస్తాం?" అన్నారు.

మామయ్య గ్లాసు కింద పెట్టాడు.

"దొరకనిదా? నేను తూచాను మాస్టారూ."

"మొదలెట్టాడు," అన్నాడు పక్కన దర్జీ, బల్ల మీద సర్దుకుని కూర్చుంటూ.

"పెద్ద గొప్పేం కాదులే. కాలేజీ ల్యాబులో సన్నత్రాసు పాడైందంటే వెళ్ళాను. గాజుపెట్టెలో పెడతారు చూడు, ఊపిరి తగిలినా ముల్లు కదులుతుంది, అదన్నమాట. విప్పాను, తుడిచాను, బిగించాను. ఏది బాగుచేసినా అడుగున చీటీ అంటించి, తారీఖూ టైమూ వేసి సంతకం పెట్టందే నేను చెయ్యి కడుక్కోనని మీకు తెలుసుగా? దానికీ అంటించాను. ఈ ఏడు మార్చి పదకొండు, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు."

టీ కలుపుతున్న అక్క చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మామయ్య చూసుకోలేదు.

"చీటీ అంటించి చూద్దును గదా, రెండు తట్టలూ ఖాళీ, ఎడమ తట్ట మాత్రం దిగిపోతోంది!"

"ఫ్యాను ఆపారా?" అన్నారు మాస్టారు.

"ఆపకుండా సన్నత్రాసు ముట్టుకుంటానా? నన్ను అంత తీసిపారేశారేంటి?"

"ఒక్కసారి వస్తే లెక్కలోకి రాదు. మళ్ళీ మళ్ళీ చేసినా అదే రావాలి."

"నలభైసార్లు చేశాను మాస్టారూ! నలభై ఒకటోసారి ఏమైందో తెలుసా? పక్క హాల్లో పరీక్ష. ప్రశ్నాపత్రం చేతికందగానే పిల్లలందరూ ఒక్క గొంతుతో 'దేవుడా!' అన్నారు. తట్ట టక్కున పైకి లేచింది. ఎందుకనుకున్నారు? ఆయన అటు వెళ్ళాడు! ఐదు నిమిషాలకి తిరిగొచ్చాడు. 'ఇంత త్వరగానా స్వామీ?' అన్నాను. 'వాళ్ళు బొత్తిగా చదవలేదయ్యా, నేను మాత్రం ఏం చెయ్యను?' అన్నాడు."

మాస్టారికి టీ పొలమారింది. దర్జీ ఆయన నెత్తిన తట్టి, "ఇంతకీ ఎంత తూగాడు?" అన్నాడు.

"మూడు గ్రాములు."

"అంతేనా?"

"నేనూ అదే అడిగాను. 'లోకాన్నంతా మోసేవాడివి, ఇంతేనా?' అంటే, 'మోసేవాణ్ణి నేను, బరువంతా మీదే గదయ్యా' అన్నాడు. ఈలోగా కబురు పాకిపోయి పదహారు దేశాల సైంటిస్టులు దిగారు. ఒకడు ఆయన చంకలో థర్మామీటరు పెట్టాడు. ఒకడు నాడి పట్టుకుంటే, కొట్టుకున్నప్పుడల్లా ఒక నక్షత్రం పుడుతోంది, పాపం అటు చూసేసరికి లెక్క తప్పి మళ్ళీ ఒకటి నుంచి మొదలు! ఎత్తు కొలుద్దామని టేపు పట్టుకుని నిచ్చెనెక్కినవాడు ఇప్పటికీ దిగలేదు."

"దయ్యాలో?" అన్నాడు దర్జీ, నోరు తెరుచుకుని.

"రాకుండా ఉంటాయా? మమ్మల్నీ తూచండని గుమ్మం దాకా వరస కట్టాయి. వాటి బరువు ఉల్టా! ఎక్కినకొద్దీ త్రాసు తేలికైపోయి, గాజుపెట్టెతో సహా లేచి కప్పుకి కరుచుకుంది. దించడానికి మళ్ళీ దేవుణ్ణే బతిమాలి ఎక్కించాను. పోతూ పోతూ నా చీటీ మీద, నా సంతకం కింద, ఆయనా సంతకం పెట్టాడు."

"ఆ త్రాసు చూపించండి మరి!" మాస్టారు లేచి నిలబడ్డారు.

"ఎక్కడుంది? వెంట పట్టుకుపోయాడు. పైన పాపపుణ్యాలు తూచే కాటా పాడైందట."

మాస్టారు చతికిలబడ్డారు. "అబద్ధమని తెలుస్తూనే ఉంది, పట్టుకుందామంటే జారిపోతోంది. ఋజువేదయ్యా అంటే పైనుందంటాడు. నేను మొత్తుకునేదీ ఇదే!"

మామయ్య హాయిగా వెనక్కి వాలాడు. ఇవాళ్టికి కుర్చీ దక్కింది.

"మామయ్యా," అంది అక్క పొయ్యి దగ్గర్నించి, "తారీఖు ఏదన్నావు?"

"మార్చి పదకొండు."

"గట్టిగానేనా?"

"నా చీటీలో తారీఖు తప్పు పడితే అప్పుడే కుర్చీ దిగిపోతానమ్మాయ్!"

"అయితే ఒక్కసారి లే."

మామయ్య అమాయకంగా లేచాడు. అక్క కుర్చీని బోర్లా తిప్పింది. అడుగున పసుప్పచ్చ చీటీ, మామయ్య గుండ్రటి రాత. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని పైకి చదివారు: "కుడి కాలు సరిచేయబడినది. మార్చి పదకొండు, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు."

"ఆ రోజంతా నువ్విక్కడే ఉన్నావు మామయ్యా," అంది అక్క. "ఈ కాలు బిగిస్తూ ఏడు టీలు తాగావు."

మామయ్య వంగి చీటీ చూసుకున్నాడు. నోటికి ఆ తారీఖే ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది. తన చేత్తో రాసుకున్నదే మరి!

దర్జీ కడుపు పట్టుకుని బల్ల మీద దొర్లుతున్నాడు. మాస్టారైతే పండగ చేసుకున్నారు. "దేవుడి మాట ఎలా ఉన్నా, మామయ్య మాత్రం ఇవాళ సైన్సుకి అందాడు!"

అక్క కుర్చీ నిలబెట్టింది, చేతులు తుడుచుకుంది, కూర్చుంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. వెనక్కి వాలి కళ్ళు మూసుకుని, "అబ్బా... ఇంత సుఖంగా ఉంటుందా!" అంది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ పిల్ల నిలబడే ఉంటుందని మామయ్యకి ఇన్నేళ్ళూ తోచనే లేదు. సిగ్గేసింది, వెంటనే నవ్వూ వచ్చింది. బల్ల చివర చేరి నడుం మీద చెయ్యేసుకున్నాడు. కానీ నోరు ఊరుకుంటేనా!

"మాస్టారూ, ఆలోచించండి. ఆ రోజు నేను ల్యాబులోనూ ఉన్నాను, ఇక్కడా ఉన్నాను. ఒకే మనిషి, ఒకే వేళ, రెండు చోట్ల! దీన్ని పరిశోధించగలదా మీ సైన్సు?"

"పరిశోధిద్దాంలే," అంది అక్క కళ్ళు తెరవకుండా. "ముందు ఆ రెండో మామయ్యని పొయ్యి దగ్గరికి పంపు, పాలు పొంగిపోతున్నాయి."