ఫెర్నాన్ పీపాల మీది పొర

నా పేరు ఒడెట్ గ్రాంక్లెమాన్. వయసు అరవై ఎనిమిది. ఫెర్నాన్ గ్రాంక్లెమాన్ భార్యను. ఆయన పోయి అయిదేళ్లు దాటింది. జ్యూరా కొండల్లో, ఆర్బోవాకు ఎగువన, వాల్‌క్లెర్ గ్రామంలో ద్రాక్ష పండించి వైన్ చేస్తాను. 2023 అక్టోబరు 4, బుధవారం ఉదయం పది గంటలకు వాల్‌క్లెర్ ఠాణాలో అధికారి పెర్రార్ గారి ముందు, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. నా అల్లుడు తిబో కుడి మణికట్టు విరగ్గొట్టింది నేనే. చెక్క సుత్తితో కొట్టాను. కోపంతో కొట్టాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు. అది కూడా రాయండి.

ఆగస్టు చివర మెట్ల మీద జారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాను. సరిగ్గా కోతల వేళకు ఆసుపత్రి పాలయ్యాను. నా కూతురు సెవ్రిన్, ఆమె భర్త తిబో బర్గండీ నుంచి వచ్చి మా కోతలు చూసుకున్నారు. తిబోది అక్కడి బోన్ పట్టణం దగ్గర పేరున్న వైన్ కుటుంబం. సొంత తోటను అన్నకు వదిలి మా కోసం వచ్చాడు. పనిమంతుడు. పనిమంతుడు కాడని నేనెప్పుడూ అనలేదు.

మా పీపాలు నేలమాళిగలో ఉండవు, అటక మీద ఉంటాయి. వాటికి ఎండాకాలం వేడీ, చలికాలం చలీ తగలాలి. ఒక గోడ వెంట మామూలు తెల్ల వైన్ పీపాలు. వాటిని తరచూ అంచుదాకా నింపుతుంటాం. కిటికీల వైపు గోడ వెంట నాలుగు పీపాలు ఉన్నాయి. అవి పసుపు వైన్‌వి. వాటిని నింపం. ఆరేళ్లు దాటేదాకా నింపం. లోపల వైన్ ఆవిరై తగ్గుతూ ఉంటుంది, పైన పాల మీద మీగడలా పొర కడుతుంది. ఆ పొర కిందే వైన్ రంగు తిరిగి, అక్రోటు వాసన పట్టుకుంటుంది. పొర పోతే ఆ వైన్ పోయినట్టే. పీపాల మీద మేం ఏమీ రాయం. ఏ గోడ ఏదో మా ఇంటి పిల్లికి కూడా తెలుసు.

ఆ నాలుగూ 2017 పంట. ఆ ఏడాది ఏప్రిల్‌లో మంచు మొగ్గలన్నిటినీ మాడ్చేసింది. మిగిలిన కాస్త పండునే ఫెర్నాన్ కోసి, పిండి, పీపాల్లో పోశాడు. మరుసటి వసంతంలో గుండె ఆగి పోయాడు. ఆయన చేతి వైన్ ఇక ఇదే. ఈ డిసెంబరులో తీసి, ఆయన పేరుతో సీసాల్లో పోయాలి. ఇంకో రెండున్నర నెలలు ఊరుకుంటే చాలు.

సెప్టెంబరు 30, శనివారం నేను ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర తిబో కుర్చీ నా పక్కకు జరుపుకున్నాడు.

“అత్తయ్యా, ఒక మాట చెబుతా, బాధపడకండి. మామయ్య పోయాక అటక మీద పీపాల సంగతి ఎవరూ చూసినట్టు లేదు. కిటికీ వైపు నాలుగైతే మరీ అన్యాయం. వేలితో కొడితే డొల్ల మోత. పైన బూజు కూడా పట్టేసింది.”

“ఏం చేశారు?” అన్నాను.

“పోయినేటి వైన్ పోసి పొర్లేదాకా నింపా. బూజంతా పైకి తేలింది. గుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచేశా. మా నాన్న నేర్పిన పద్ధతే లెండి.”

సెవ్రిన్ చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది. కోతలప్పుడు ఆమె పగలంతా తోటలో కూలీలతోనే ఉంది. “తిబో, ఆ నాలుగూ పసుపు వైన్‌వి కదా,” అంది. అప్పుడు అతని మొహం చూడాలి. పసుపు వైన్ అంటే తెలియనివాడు కాదు. పెళ్లిలో మూడు గ్లాసులు తాగి ఫెర్నాన్‌ను కావలించుకున్నాడు కూడా. కానీ పీపాలో అది ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు, అడగనూ లేదు. బోన్ వాళ్లు అడగరు. చెబుతారు.

చేతికర్ర పట్టుకుని అటక ఎక్కాను. మొదటి పీపా బిరడా తీసి వేలు పెట్టాను. వేలు వెంటనే తడిసింది. రెండోదీ అంతే. నాలుగూ అంతే. కిటికీకి కట్టిన తాడు మీద మా వంటింటి గుడ్డ వేలాడుతోంది. ఫెర్నాన్ పీపాల పొరను తిబో తుడిచిన గుడ్డ. ఉతికి ఆరేశాడు. వింటున్నారా అధికారి గారూ, ఉతికి ఆరేశాడు.

నా వెనకే వచ్చి తిబో ఏడ్చాడు. అప్పటిదాకా నేను చేయెత్తలేదు. ఇది గమనించండి. అతను కళ్లు తుడుచుకుని ఇలా అన్నాడు:

“తప్పయిపోయింది అత్తయ్యా. కానీ బయట ఎవరికి తెలుస్తుంది? మనం ముగ్గురమే కదా. రంగుంది, వాసనా ఉంది. డిసెంబరులో ఏమీ ఎరగనట్టు సీసాల్లో పోసేద్దాం. మామయ్య పేరు నిలబడుతుంది.”

అల్లుడని పదేళ్లుగా ‘మీరు’ అనే పిలిచాను. ఆ రోజు నోట్లోంచి ‘నువ్వు’ వచ్చింది. “నా మొగుడు చేసినదాన్ని తుడిచిపారేసింది చాలక, ఆయన పేరు పెట్టి నకిలీ సరుకు అమ్మిస్తావా?” అన్నాను. బిరడాలు బిగించే సుత్తి పక్కనే ఉంది. అతని చేయి ఫెర్నాన్ పీపా మీద ఉంది. ఆ చేతినే కొట్టాను. ఒక్కసారే కొట్టాను.

సోమవారం తిబో మీ దగ్గర ఫిర్యాదు ఇచ్చాడు. ఇవ్వాల్సిందే, దాన్ని నేను తప్పుపట్టను. నిన్న మనసు మార్చుకున్నాడట. ఈ పొద్దున నేను రాగానే మీరు తలుపు మూసి ఏమన్నారో కూడా చెబుతున్నాను. “చూడమ్మా, పీపా దొర్లి చేతి మీద పడిందని రాసేస్తా. అతను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. మీకు కేసుండదు. పీపాలు నింపిన మాట మాత్రం ఇక్కడ ఎత్తకండి. ఎత్తారంటే కాగితం మీదికి ఎక్కుతుంది, ఇక ఆ వైన్‌ను పసుపు వైన్ అని అమ్ముకోలేరు.” నా మంచి కోరే అన్నారు. తలుపు తీసేసరికి బయట బల్ల మీద సెవ్రిన్ ఉంది.

“అమ్మా, నాన్న ఆఖరి వైన్ అమ్మా. నీ నోటితో నువ్వే దాన్ని చంపుకుంటావా?” అంది.

“అది ఎప్పుడో చచ్చిందే తల్లీ. శవానికి మీ నాన్న పేరు పెట్టి అమ్మమంటున్నారు,” అన్నాను.

ఆమె ఏడుస్తూ బయటికి వెళ్లిపోయింది. మీరు కలం కింద పెట్టారు. తీసుకోమన్నాను, తీసుకున్నారు. కాబట్టి రాయండి. పీపా దొర్లలేదు. మా అటక మీద ఏ పీపా దొర్లదు, ప్రతిదాని కిందా ఫెర్నాన్ చెక్కలు దిగ్గొట్టి పెట్టాడు. అల్లుణ్ణి నేనే కొట్టాను, దానికి ఏ శిక్ష వేసినా పడతాను. కిటికీల వైపు నాలుగు పీపాలనూ నింపారు, పొర తుడిచేశారు. అవి పసుపు వైన్ కావు. ఆ పేరుతో ఒక్క సీసా కూడా అమ్మను. ఈ కాగితం నకలు ఒకటి వైన్ తనిఖీ కార్యాలయానికి పంపమని కోరుతున్నాను. ఈ రోజే పంపండి.

పైన రాసిందంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఇది నిజం, నాకు నష్టమని తెలిసి చెప్పిన నిజం. కింద సంతకం చేస్తున్నాను.

(సంతకం) ఒడెట్ గ్రాంక్లెమాన్