మూడోసారి పిలిచినప్పుడు

“నయేలీ ఒచోవా! నయేలీ ఒచోవా వచ్చిందా?” అని లోపల పేర్లు పిలిచే ఆవిడ గొంతు చించుకుంటుంటే, నువ్విక్కడ కారులో కూర్చున్నావటే! అద్దం దించు. ఊఁ, దించు. ఎండకి నా నెత్తి మాడిపోతోంది.

అయ్యో, ఏడ్చావా? కళ్ళకింద నల్లగా కారింది చూసుకో. తుడుచుకోకపోయినా ఫర్లేదులే, ఈ ఫ్రెస్నో ఎండకి కన్నీళ్ళు చెంప దాటకుండానే ఆరిపోతాయి.

ఓహో. వెనక సీట్లో పాప. అదా సంగతి! చూసుకుంటానన్న మీ పిన్ని రాలేదా? పీచ్‌పళ్ళ ప్యాకింగ్ షెడ్డుకి ఇవాళ కూడా రమ్మన్నారా? అవున్లే, కోతల కాలం. పిల్లల్ని లోపలికి తేవద్దని ముందే చెప్పారాయె. అందుకని స్టీరింగు పట్టుకుని కూర్చున్నావు. తిరిగి ఇంటికి పోదామనా?

నేనెందుకు వచ్చానా? బాగుంది! నర్సింగులో సీటు వచ్చినవాళ్ళంతా ముందు కుర్చీల్లో. సీటు రాక వెయిటింగ్ లిస్టులో ఆగిపోయిన మాలాంటివాళ్ళం వెనక వరుసలో. మూడుసార్లు పిలిచినా ఎవరైనా పలక్కపోతే, వెనక మొదటి కుర్చీలో ఉన్నవాళ్ళు లేచి వెళ్ళి ఆ చోట్లో కూర్చోవచ్చు. ఆ మొదటి కుర్చీ నాది.

అవునే. నువ్వు రాకపోతే నీ సీటు నాకే.

అలా చూడకు. మనమేం పగవాళ్ళమా? అనాటమీ ల్యాబ్‌లో మనిద్దరికీ కలిపి ఒక పిల్లిని ఇచ్చారు కోయడానికి, గుర్తుందా? దానికి పెద్దింటి ముసలావిడని పిలిచినట్టు దొన్యా పంచిత అని పేరు పెట్టింది నువ్వే. పేరు పెట్టిన మహాతల్లివి, వాసన తగలగానే బయటికి పరిగెత్తావు. గుండె తీసింది నేను. ఎంత చిన్నదో! స్ట్రాబెర్రీ పండంత. ఆరోజు ఇంటికెళ్తూ బస్సు అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. నర్సు బట్టల్లో ఉన్నట్టే కనిపించాను.

ఎన్ని కలలు కన్నాననుకున్నావు! వార్డులో దీపాలు తగ్గించి ఉంటాయట, ఎవరో ముసలాయన నా చెయ్యి పట్టుకుని అలాగే నిద్రపోతాడట, కిటికీ అవతల సన్నగా వాన. “ఫ్రెస్నోలో వానేమిటే పిచ్చిదానా!” అని నువ్వు నవ్వేదానివి.

మొదట కొండలవైపు క్యాంపస్‌కి అప్లికేషన్ పెట్టాను. అక్కడ మార్కుల లెక్క. కెమిస్ట్రీలో కాస్త తగ్గాయి, పొమ్మన్నారు. తర్వాత దక్షిణాన, ఆవుల డెయిరీల మధ్య ఉందే, ఆ క్యాంపస్‌కి. అక్కడ లాటరీ. అదృష్టం ఉంటే చాలు. అమ్మ గ్వాదలూపె మేరీమాత దగ్గర కొవ్వొత్తి కూడా వెలిగించింది. తీరా చూస్తే పాత క్యాంపస్ పేరు చెప్పి మొక్కుకుందట! మాత మాత్రం ఏం చేస్తుంది?

ఇంకోచోట, “మీరు మైక్రోబయాలజీ చదివి చాలా కాలమైంది, అది చెల్లదు” అన్నారు. చదువు పాలలాంటిదా, విరిగిపోవడానికి? మళ్ళీ చదివాను. అదే పుస్తకం, అవే సూక్ష్మజీవులు. ఈసారి వాటి పేర్లు కూడా బాగున్నాయనిపించలేదు.

మొదటిసారి రాలేదన్నప్పుడు అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. తర్వాత తర్వాత, “రాలేదమ్మా” అంటే, “సరే, తిను, చల్లారిపోతుంది” అనేది. తినేదాన్ని. రుచిగానే ఉండేది.

ఏమిటీ? మూడోసారి పిలిచేశారా అంటావా? పిలిచారు. ఆగు, ఏడవకు. చెప్తాను.

ముందు పాపనిటివ్వు. అబ్బో, బరువే! ఏమే బంగారం, మీ అమ్మ నిన్ను మేపుతోందా, పెంచుతోందా? పాలసీసా ఏదీ? నేను ఆ ఆలివ్ చెట్టుకింద కూర్చుంటాను. నాకు లోపల పనేముంది?

విను. మూడోసారి పిలిచి ఆవిడ తలెత్తి చూసింది. అందరూ మెడలు తిప్పారు. నా పక్కనున్న పెద్దావిడ మోచేత్తో పొడిచి, “లేవవే తల్లీ, లే! ఆ సీటు నీదే!” అంది. కిటికీలోంచి నీ నీలం కారు కనిపిస్తూనే ఉంది. లేచాను.

“నయేలీ వచ్చిందండీ. కారు పెట్టి వస్తోంది” అన్నాను.

అలా కళ్ళు పెద్దవి చెయ్యకు. నీమీద ప్రేమ పొంగి అన్నాననుకుంటున్నావేమో, కాదు. దొన్యా పంచిత మీద ఒట్టు. అంత సీటు అంత దగ్గరికి వస్తే గుండె దడదడలాడాలి కదా? చెయ్యి పెట్టి చూసుకున్నాను. మామూలుగా కొట్టుకుంటోంది. ఇంకెవరిదో నాడి చూస్తున్నట్టుంది. ఎదురుగా ఖాళీ కుర్చీ. పది అడుగులు వేస్తే నాదే. కాళ్ళకి వెయ్యాలని లేదు.

ఊఁ, దిగు. జుట్టు సర్దుకో. ఎడమవైపు రెండో తలుపు. ఆవిడ ఏమైనా అంటే కారు పెట్టడానికి చోటు దొరకలేదను.

వెళ్ళవే!

థాంక్స్ ఎందుకు? అసలు మాట ఇంకా ఎవరితోనూ అనలేదు, అమ్మతో కూడా. నాకు నర్సునవ్వాలని లేదు నయేలీ. ఆ కోరిక ఏ క్యాంపస్‌లో జారిపోయిందో తెలీదు. అప్లై చెయ్యడం మాత్రం అలవాటైపోయింది.