టేపు కాదన్న చెక్

వరంగల్‌లో ఓ కాలేజీ కంప్యూటర్ గది. డిస్కు పాడైపోయి, సావిత్రి రెండేళ్ల పరిశోధన లెక్కలన్నీ పోయాయి. నకలు ఉండాల్సిన టేపును ఆమె ఆ గది చూసుకునే సారంగపాణి సార్ ముందు పెట్టింది.

"దీంట్ల ఏం లేదు సార్. నకలంతా టేపు పేరుతోని డిస్కు మీదనే మామూలు ఫైలై కూసున్నది. డిస్కుతోపాటు అదీ పోయింది."

"నకలు తీసేది నీ ప్రోగ్రామే కదమ్మా."

"తెరిచింది నిజంగ టేపు డివైసా, ఉత్త ఫైలా అని ఎఫ్‌స్టాట్ అనే కమాండుతోని సిస్టంను అడిగే చెక్ దాంట్ల పెట్టిన సార్. ఇప్పుడది లేదు."

"నేనే తీసేసిన."

"ఎందుకు సార్?"

"మెషీన్ల కొత్త యూనిక్స్ సిస్టం ఎక్కించిన కాన్నుంచి, ఎన్నిసార్లు నడిపినా ఇది టేపు కాదని ఆగిపోతాంది. విసుగొచ్చింది."

"కొత్త దాంట్ల టేపు డివైసు పేరు మారింది సార్, చెక్ చెప్పింది నిజమే."

"ఫికర్ చెయ్యకు. మళ్ల మొదలుపెట్టు."

"చెక్ కూడ మళ్ల పెట్టమంటరా సార్?"