టేపక్క వంతు

రామ్మా, లోపలికి రా. చెప్పులు అక్కడ వదిలినా పర్లేదు, వేసుకొచ్చినా పర్లేదు, ఊడ్చేవాళ్ళెవరున్నారు గనక. ఏమన్నావ్, చర్చి సేవా బృందమా? ఈవేళ నీ వంతు పడిందా? భలేదానివే, ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఇలా మంచమ్మీద కూర్చో. ఈవేళ నా వంతు అని అచ్చం నీలాగే టేపక్క అనేది. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయింది. మా వీధి చివర బట్టలు కుట్టేది. మెడలో టేపు తియ్యడం మర్చిపోయి అలాగే బజారుకీ, చర్చికీ, అన్నిటికీ వచ్చేసేది. అందుకని టేపక్క. భర్త లేడు, పిల్లల్లేరు, కుట్టుమిషనూ తనూ, అంతే.

నెలనెలా కాలనీ హాల్లో మీటింగు ఉండేది. మైకు నేనే పెట్టేవాణ్ణి. అదేం మైకులే, మాట్లాడేవాళ్ళకంటే ముందు అదే కీచుమని అరిచేది. మురిక్కాలవలూ, వీధిలైట్లూ, ఎవరి కుక్క ఎవర్ని కరిచిందీ, అవన్నీ అయ్యాక ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని, "ఇహ సేవా బృందం తరఫున" అనేవాడు. అప్పుడు లేచేది టేపక్క. "అందరికీ వందనాలండీ. ఈ నెల మా వాళ్ళు మేడ మీద మాస్టారికి స్నానం చేయించి గడ్డం గీశారు. చూపు ఆనని పెద్దమ్మగారికి వాక్యం చదివి వినిపించారు. ఇంకెవరికన్నా మంచాన పడ్డవాళ్ళుంటే చెప్పండి, మా వాళ్ళని పంపిస్తాం." అంతే, కూర్చునేది. అందరం చప్పట్లు. ఆ మాస్టారున్నాడే, మహా అభిమానం మనిషి, సొంత తమ్ముడు మందులు తెచ్చిస్తే విసిరికొట్టాడు. అలాంటివాడు కూడా బృందం అంటే నోరెత్తకుండా గడ్డం చాపేవాడట. ఎప్పుడూ నువ్వే వస్తావేమ్మా అని ఎవరన్నా అడిగితే, "ఈవేళ నా వంతు పడిందండీ, మిగతావాళ్ళు అవతలి వీధిలో ఉన్నారు" అనేది. అవతలి వీధివాళ్ళకీ అదే చెప్పేది. మనకేం తెలుసు, నమ్మేశాం.

ఏం చెబుతున్నానూ... ఆ, ఒకసారి మీటింగులో ఆవిడ కుర్చీ ఖాళీ. ఒంట్లో బాలేదట అన్నారెవరో. ప్రెసిడెంటు గారు, "అయ్యో పాపం. పోనీలెండి, అంత బృందం ఉంది, వాళ్ళ మనిషిని వాళ్ళు చూసుకోరా? మనమంతా పొలోమని పోయి అడ్డం పడకూడదు" అన్నాడు. నిజమే కదా అనుకున్నాం. ఆవిడ బృందానికి ధన్యవాదాలు అని తీర్మానం చేసి చప్పట్లు కొట్టి ఎవరిళ్ళకి వాళ్ళం పోయాం. కుట్టడానికిచ్చిన బట్ట కోసం వెళ్ళిన ఒకావిడ తలుపు తోసి చూస్తే ఏముందీ, మిషను పక్కన నేలమీద పడుంది. జ్వరం కాలిపోతోంది. మంచినీళ్ళిచ్చిన దిక్కు లేదు.

ఆస్పత్రిలో చేర్పించాం. పక్కన కూర్చున్నాను గానీ నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ వాళ్ళకి బుద్ధుందా అక్కా, ఒక్కళ్ళూ రాలేదు" అన్నాను. నా వంక చూసి నవ్వింది. "ఎవరున్నారు తమ్ముడూ రావడానికి? ఒకరు పోయారు, ఒకరు కొడుకు దగ్గరికెళ్ళారు, మిగిలినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులు. నేనొక్కదాన్నే, ఎప్పట్నించో" అంది. మరి చెప్పొచ్చు కదా అన్నాను. "చెబితే మాస్టారు తలుపు తీస్తారా? ఒక మనిషి చేత చేయించుకోవాలంటే సిగ్గు, మొహమాటం. బృందమైతే ఎవరికీ తలొంచినట్టుండదు. నువ్వూ చెప్పకు" అంది. మళ్ళీ తనే, "మీటింగులో నన్నెవరన్నా అడిగారా?" అంది. చప్పట్లు కొట్టారక్కా అన్నాను. ఇంకేం చెప్పను? "అయితే పర్లేదు" అంది. మళ్ళీ ఇంటికి రాలేదు.

పైనెల మీటింగులో ప్రెసిడెంటు గారు మామూలుగానే గొంతు సవరించుకుని, "సేవా బృందం తరఫున ఇకమీదట ఎవరు మాట్లాడతారు?" అన్నాడు. ఎవరు లేస్తారు? మైకు గుయ్యిమంటోంది, అంతే. వెనకనుంచి ఒకడు లేచి, "అక్కడ మాస్టారి గడ్డం గుండెల మీదికొచ్చింది. పాపం ఆ ఒక్కావిడ పోయేసరికి బృందం వాళ్ళంతా మొహం చాటేశారు, ఏం మనుషులండీ" అని కేకలు. అందరూ అవునవునన్నారు. వినలేక మైకు కట్టేశాను. ఏడుపొచ్చింది నాకు. ఇప్పుడంటే చెబుతున్నాను గానీ, ఆ మాస్టారూ లేడు, ఆ హాలూ లేదు, నాకు తెలిసినవాళ్ళెవరూ మిగల్లేదు.

అవునూ, పోయినవారం పక్కింటికి కూడా నువ్వే వచ్చినట్టున్నావే. ఆ ముందు కూడానూ. మీ బృందంలో ఎంతమంది... సర్లే, చెప్పకు. ఆ కిటికీ రెక్క కాస్త దగ్గరికెయ్యి, దుమ్మొస్తోంది.